తప్పిన గురికీ లెక్క ఉండాలి

సింహాచలం వరాహ లక్ష్మీనరసింహస్వామి గుడిలో కప్పస్తంభం ఉంది. మనసులో కోరిక తలచుకుని ఆ స్తంభాన్ని రెండు చేతులా చుట్టి కౌగలించుకుంటే నెరవేరుతుందని, ముఖ్యంగా పిల్లలు లేనివారికి పిల్లలు పుడతారని భక్తుల నమ్మకం. బిడ్డ పుట్టాక దంపతులు మొక్కు తీర్చుకోవడానికి మళ్లీ కొండెక్కుతారు. పుట్టువెంట్రుకలు తీయిస్తారు, స్వామి పేరు పెట్టుకుంటారు. అప్పన్న, అప్పలరాజు, అప్పలనాయుడు, సింహాద్రి, అప్పలనరసమ్మ... ఉత్తరాంధ్రలో ఈ పేర్లు వినపడని ఊరుండదు.

భక్తుడికి ఇందులో లెక్కలతో పనిలేదు. అయితే ‘ఈ పని చేస్తే ఆ ఫలితం వస్తుందా?’ అని ఒక మనోవిజ్ఞాన పరిశోధకుడు అడిగితే, ఆయనకు నాలుగు గుంపుల మనుషులు కావాలి. పని చేసి ఫలితం పొందినవారు, చేసినా పొందనివారు, చేయకుండానే పొందినవారు, చేయనూ లేదు పొందనూ లేదు అన్నవారు. ఏ మొక్కు విషయంలోనైనా, ఏ నాటుమందు విషయంలోనైనా, ఏ శకునం విషయంలోనైనా మన చెవిన పడేది మొదటి గుంపు కథే. రెండో గుంపు బయటికి చెప్పుకోదు. మూడో గుంపునీ నాలుగో గుంపునీ అడిగేవారే ఉండరు. తెల్లవారుజామున వచ్చిన కల ఒకటి నిజమైతే పదేళ్లు చెప్పుకుంటాం. నిజం కాని వందల కలలు మధ్యాహ్నానికే మరిచిపోతాం. మనిషి జ్ఞాపకం తగిలిన గురిని దాచుకుని, తప్పినదాన్ని వదిలేస్తుంది.

తప్పిన గురిని కూడా పద్దులో రాసి, రెండూ కలిపి తూకం వేసే పనిని ఈ విశాఖపట్నంలోనే ఒక విశ్వవిద్యాలయ శాఖ దశాబ్దాల పాటు చేసింది. కొండకు ఇవతల, సముద్రం వైపున్న ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1960ల చివర్లో మొదలైన ఆ శాఖ పేరు ‘డిపార్ట్‌మెంట్ ఆఫ్ సైకాలజీ అండ్ పారాసైకాలజీ’. కళ్లు, చెవులు, ముక్కు, నాలుక, చర్మం అనే ఐదు దారులూ మూసేసినా మనసుకు ఏదైనా తెలుస్తుందా అన్నది పారాసైకాలజీ ప్రశ్న. ఎదుటివారి ఆలోచన చదవడం (టెలిపతీ), మూసిన కవరులోని బొమ్మను చెప్పడం, జరగబోయేది ముందే పసిగట్టడం వంటివన్నీ కలిపి అతీంద్రియ గ్రహణం, ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఇ.ఎస్.పి. అన్నారు. ఇలాంటి విషయానికి విశ్వవిద్యాలయంలో పీట దొరకడం ప్రపంచంలోనే అరుదు. నెదర్లాండ్స్‌లోని యుట్రెక్ట్, జర్మనీలోని ఫ్రైబుర్గ్, ఆ తర్వాత 1985లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో వంటి కొద్ది చోట్లే దానికి ఆచార్య పదవులు ఏర్పడ్డాయి.

ఆ శాఖను నిలబెట్టినవారు ఆచార్య కోనేరు రామకృష్ణారావు. 1932లో పుట్టిన ఆయన చదువుకున్నది ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే, అదీ తత్త్వశాస్త్రం. 1957లోనే ఇ.ఎస్.పి. మీద ‘సై కాగ్నిషన్’ అనే ఇంగ్లీషు పుస్తకం రాస్తే, దాన్ని అచ్చువేసింది తెనాలిలోని ఒక ప్రచురణ సంస్థ. 1960ల మొదట్లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి వెళ్లి పారాసైకాలజీ పరిశోధకుడు జె.బి. రైన్ ప్రయోగశాలలో పనిచేశారు. తిరిగొచ్చి విశాఖలో శాఖ పెట్టారు. తర్వాతి కాలంలో రైన్ స్థాపించిన సంస్థకే డైరెక్టరయ్యారు. అంతర్జాతీయ పారాసైకలాజికల్ అసోసియేషన్‌కు 1965, 1978, 1990లలో మూడుసార్లు అధ్యక్షుడయ్యారు. 1984 నుంచి 1987 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతి. 2011లో పద్మశ్రీ వచ్చింది. 2021 నవంబరులో కన్నుమూసే దాకా రాస్తూనే ఉన్నారు. తెలుగునాట పుట్టి, ఒక అంతర్జాతీయ పరిశోధన రంగాన్ని ఇంత కాలం ముందుండి నడిపిన మనోవిజ్ఞానవేత్త మరొకరు కనిపించరు.

ఆయన డ్యూక్‌లో నేర్చుకున్న పద్ధతి చూడడానికి చాలా మామూలుగా ఉంటుంది. కార్ల్ జెనర్ అనే మనోవిజ్ఞానవేత్త రూపొందించిన కార్డుల కట్ట ఒకటి. అందులో వృత్తం, కూడిక గుర్తు, అలల గీతలు, చతురస్రం, నక్షత్రం అనే ఐదు గుర్తులు, ఒక్కో గుర్తుకు ఐదు కార్డులు, మొత్తం 25. కట్టను కలిపి బోర్లా పెడతారు. ఎదుట కూర్చున్నవారు ఒక్కో కార్డు మీద ఏ గుర్తు ఉందో ఊహించి చెబుతారు. అన్నీ అయ్యాక తిప్పి సరిచూస్తారు. కళ్లు మూసుకుని చెప్పినా ఐదింట ఒకటి తగులుతుంది కాబట్టి, 25 ఊహల్లో సగటున 5 ఒప్పులు ఊరికే వస్తాయి. అందరికీ సరిగ్గా 5 రావు. కొందరికి 3, కొందరికి 7. ఈ అటూఇటూ ఊగిసలాట దాదాపు 2 అని గణితం చెబుతుంది. 9 గానీ అంతకు మించి గానీ రావడం నూటికి ఐదుగురికి దగ్గర దగ్గరగా జరుగుతుంది, ఏ శక్తీ లేకుండానే.

అందుకే ఒక్క కట్టతో ఏదీ తేలదు. ఒకే మనిషి వంద కట్టలు ఊహిస్తే 2,500 ఊహలు. కాకతాళీయంగా 500 తగలాలి, ఊగిసలాట 20. అంటే 510 వచ్చినా 485 వచ్చినా పట్టించుకోనక్కర్లేదు. 560 వస్తే అది ఊగిసలాటకు మూడింతలు, అప్పుడు ఆగి ఆలోచించాలి. రైన్ 1934లో అచ్చువేసిన ‘ఎక్స్‌ట్రా సెన్సరీ పర్సెప్షన్’ పుస్తకం నిండా ఇలాంటి పట్టికలే. విమర్శకులు ముందు ఆయన గణితాన్ని తప్పుపట్టారు. 1937లో అమెరికాలోని గణిత గణాంక శాస్త్ర సంస్థ అధ్యక్షుడు బర్టన్ క్యాంప్, లెక్క కట్టిన తీరులో లోపం లేదని, విమర్శించదలిస్తే గణితాన్ని వదిలి వేరే చోట వెతకమని ప్రకటించాడు.

వెతికితే దొరికాయి. బజారులోకి వచ్చిన తొలి కార్డుల్లో కొన్నిటిని ఒక కోణంలో వెలుతురుకు పెడితే వెనక నుంచే గుర్తు కనిపించేది. ఎదురెదురుగా కూర్చుంటే ప్రయోగం చేసేవారి ముఖకవళికలు, ఊపిరి, కళ్లజోడులో పడే నీడ కూడా సమాచారమే. దాంతో కార్డులను నల్లటి కవర్లలో పెట్టడం, మధ్య తెర కట్టడం, ఇద్దరినీ వేర్వేరు భవనాల్లో కూర్చోబెట్టడం, చేత్తో కలపడం మానేసి యాదృచ్ఛిక సంఖ్యల పట్టికలు వాడటం ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. అసలు ప్రయోగంలో యాదృచ్ఛికతను ప్రవేశపెట్టిన తొలి వారిలో ఒకరు చార్లెస్ రిషే. 1913లో వైద్యంలో నోబెల్ అందుకున్న ఈ ఫ్రెంచి శాస్త్రవేత్త 1884లోనే పేకముక్కలతో టెలిపతీ ప్రయోగాలు చేసి, సంభావ్యతతో సరిపోల్చాడు. ఆధునిక గణాంక శాస్త్రానికి పునాది వేసిన రోనాల్డ్ ఫిషర్ కూడా పేకముక్కల ఊహలకు మార్కులు వేసే పద్ధతి మీద 1924లో ఒక వ్యాసం రాశాడు. ఈనాడు కొత్త మందును పరీక్షించేటప్పుడు ఎవరికి అసలు మాత్ర, ఎవరికి ఉత్తుత్తి మాత్ర అని చీటీ వేసి తేల్చే పద్ధతికి చుట్టరికం ఈ పేకముక్కలతోనే ఉంది.

రామకృష్ణారావు డ్యూక్‌లో ఉన్నప్పుడే ఈ పరీక్షలోకి తెలుగును తెచ్చారు. ఐదు గుర్తుల స్థానంలో ఇంగ్లీషు మాటలనూ తెలుగు మాటలనూ కలిపి దాచిపెట్టి ఊహించమన్నారు. 1963లో ఆ ప్రయోగం ‘జర్నల్ ఆఫ్ పారాసైకాలజీ’లో వచ్చింది. పరీక్షకు కూర్చున్న వ్యక్తికి రెండు భిన్నమైన రకాల గురి ఒకేసారి ఎదురైతే, ఒకదానిలో కాకతాళీయం కన్నా ఎక్కువ, రెండోదానిలో తక్కువ మార్కులు వస్తున్నాయని ఆయన గమనించారు. దీనికి ‘డిఫరెన్షియల్ ఎఫెక్ట్’ అని పేరు పెట్టారు. భేద ప్రభావం అనుకోవచ్చు. విశాఖ వచ్చాక ఈ దారిలో శిష్యులతో చాలా ప్రయోగాలు చేయించారు. నిజజీవిత సందర్భాల్లో కూడా ఈ తేడా కనిపిస్తుందేమోనని పి. శైలజ, రామకృష్ణారావు కలిసి చేసిన వరుస ప్రయోగాలను 1973లో న్యూయార్క్‌లోని పారాసైకాలజీ ఫౌండేషన్ పుస్తకంగా వేసింది.

ఇక్కడ చదువరి కాస్త నిదానించాలి. మార్కులు 5 కన్నా బాగా ఎక్కువ వస్తే శక్తి ఉందంటాం, సరే. బాగా తక్కువ వస్తే? పారాసైకాలజీ దాన్ని కూడా శక్తికే రాసింది. మనసుకు సమాధానం తెలిసి, ఏదో కారణంగా కావాలని తప్పించుకుంటోందని వాదించింది. ఈ వాదనలో తర్కం లేకపోలేదు. నిజంగా ఏమీ తెలియనివాడికి మార్కులు 5 చుట్టూ ఉండాలి గానీ పదేపదే 3 రాకూడదు. చిక్కు ఎక్కడంటే, పైకి వెళ్లినా గెలుపే కిందికి వెళ్లినా గెలుపే అయితే, ఓటమి అనిపించుకునే ఫలితం చాలా సన్నబడిపోతుంది. తెలుగు మాటల్లో ఎక్కువ, ఇంగ్లీషులో తక్కువ వచ్చినా ఫలితమే. అటుదిటు ఇటుదటు అయినా ఫలితమే. దీనికి విరుగుడు ఒక్కటే. ఏ వైపు ఎక్కువ రావాలో, ఏ వైపు తక్కువ రావాలో ప్రయోగానికి ముందే కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. ఆ తర్వాత ఆ వైపే వస్తేనే లెక్క.

విశాఖ శాఖ చేసిన మరో పెద్ద పని మనిషి స్వభావానికీ ఈ మార్కులకూ సంబంధం వెతకడం. కాంతామణి, రామకృష్ణారావు ఉన్నత పాఠశాల విద్యార్థులకు ఒక పక్క ఇ.ఎస్.పి. పరీక్ష, మరో పక్క వ్యక్తిత్వ ప్రశ్నావళి పెట్టి, 1970ల మొదట్లో వరుస వ్యాసాలు అచ్చువేశారు. నలుగురిలో చొరవగా కలిసిపోయే పిల్లలకు, ఆందోళన తక్కువున్న పిల్లలకు మార్కులు కొంచెం మెరుగని వారు చెప్పారు. ఇతర దేశాల ప్రయోగశాలలూ ఈ ప్రశ్న పట్టుకున్నాయి. చొరవ స్వభావానికీ ఇ.ఎస్.పి.కీ సంబంధం ఉందనే మాట ఆ రంగంలో స్థిరపడింది.

తర్వాత చార్లెస్ హానర్టన్, డయేన్ ఫెరారి, డారిల్ బెమ్ అనే ముగ్గురు అన్ని దేశాల అధ్యయనాలనూ ఒకచోట చేర్చారు. మొత్తం 60. ముగ్గురూ ఇ.ఎస్.పి. పరిశోధనలో ఉన్నవారే, దానికి పగవాళ్లు కారు. కార్డుల తరహా పరీక్షల్లో వాళ్లు చూసిందేమిటంటే, సంబంధం ఒక రకం అధ్యయనాల్లోనే కనిపిస్తోంది. ముందు కార్డుల పరీక్ష జరిగి, ఆ మార్కులు తెలిసే వీలుండి, ఆ తర్వాత వ్యక్తిత్వ ప్రశ్నావళి నింపినవాటిలో మాత్రమే. ప్రశ్నావళి ముందుగా నింపినచోట సంబంధం మాయమైంది. కారణం ఊహించడం కష్టం కాదు. ‘నీకు 9 వచ్చాయి’ అని మెచ్చుకున్నాక ‘నువ్వు నలుగురిలో ధైర్యంగా మాట్లాడతావా?’ అని అడిగితే ఔననే అనిపిస్తుంది. 3 వచ్చిన పిల్లవాడికి అదే ప్రశ్న వేరేగా వినపడుతుంది. మార్కులే స్వభావాన్ని మార్చి చూపించాయి. రెండు కాగితాలు ఇచ్చే వరుస మారితే శాస్త్రంలో ఒక ‘వాస్తవం’ పుట్టుకొస్తుందని ఇంత స్పష్టంగా చూపిన ఉదాహరణ మనోవిజ్ఞానంలో అరుదు. పాఠశాలల్లో, కార్యాలయాల్లో ప్రశ్నావళులు పంచే ప్రతి పరిశోధక విద్యార్థీ దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

రాసుకునే చెయ్యి కూడా పక్షపాతం చూపుతుంది. 1939లో కెనెడీ, ఉఫాఫ్ అనే ఇద్దరు 28 మందిని ఇ.ఎస్.పి. పరీక్షలో మార్కులు రాసే పనిలో పెట్టి, వాళ్లకు తెలియకుండా ఆ రాతలను సరిచూశారు. తప్పులు నూటికి ఒకటి చొప్పున దొర్లాయి. అంతవరకు సహజం. కానీ టెలిపతీని నమ్మేవారి తప్పులు ఎక్కువగా మార్కులు పెంచే వైపు, నమ్మనివారి తప్పులు తగ్గించే వైపు పడ్డాయి. ఎవరూ మోసం చేయలేదు. చూడాలనుకున్నది కంటికి కాస్త ముందుగా కనపడింది, అంతే. ఊగిసలాట 2,500 ఊహలకు 20 మాత్రమే అయినప్పుడు, నూటికొక తప్పు చొప్పున దొర్లే 25 తప్పులూ ఒకే వైపు పడితే పట్టిక లేని శక్తి వైపు ఒరుగుతుంది.

మోసం జరిగిన సందర్భమూ ఉంది. 1974లో రైన్ సంస్థకు డైరెక్టరుగా ఉన్న వాల్టర్ లెవీ ఎలుకల ప్రయోగంలో యంత్రాన్ని తారుమారు చేస్తున్నాడని తోటి పరిశోధకులకు అనుమానం వచ్చింది. వాళ్లు ఆయనకు తెలియకుండా రెండో నమోదు యంత్రాన్ని కలిపారు. ఒకదానిలో అద్భుత ఫలితాలు, రెండోదానిలో మామూలు కాకతాళీయం. రైన్ ఆయన చేత రాజీనామా చేయించి, జరిగినదాన్ని తన పత్రికలోనే అచ్చువేశాడు. తన ఇంటి తప్పును తానే బయటపెట్టడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. ఆ తర్వాత కొన్నేళ్లకు ఆ సంస్థ బాధ్యతే విశాఖ నుంచి వెళ్లిన రామకృష్ణారావు చేతికి వచ్చింది.

పడమటి దేశాలవారికి లేని ఒక వనరు విశాఖ పరిశోధకులకు ఉంది. అది యోగం. పతంజలి యోగసూత్రాల్లో ఒక పాదం చాలావరకు సిద్ధుల గురించే. ధ్యానం కుదిరినవారికి అతీంద్రియ గ్రహణం పెరగాలి కదా అని రామకృష్ణారావు అడిగారు. ట్రినిడాడ్ నుంచి వచ్చి ఆయన దగ్గర పరిశోధన చేసిన హామ్లిన్ డూకన్ పుదుచ్చేరిలోని ఆనంద ఆశ్రమంలో యోగం నేర్చుకుంటున్నవారిని ధ్యానానికి ముందు ఒకసారి, ధ్యానం అయ్యాక ఒకసారి పరీక్షించాడు. ముందు మార్కులు కాకతాళీయం కన్నా తక్కువ, తర్వాత ఎక్కువ అని వారు ప్రకటించారు. 1978లో విశాఖ నుంచే మొదలైన ‘జర్నల్ ఆఫ్ ఇండియన్ సైకాలజీ’లో ఈ వరుస కొనసాగింది. పి.వి. కృష్ణారావు వంటి ఆచార్యులు ఆ పనిని ముందుకు తీసుకెళ్లారు.

ఈ ఫలితం చూడగానే మనసు గంతులేస్తుంది, ప్రశ్నలు తర్వాత వస్తాయి. తేడాలో సగం ముందటి తక్కువ మార్కుల నుంచి వచ్చిందే కదా, ధ్యానం కూర్చోబోయే ముందు మార్కులు తగ్గాల్సిన పనేమిటి? అంతే సేపు ఊరికే కళ్లు మూసుకుని కూర్చున్న మరో గుంపును పక్కన పెడితే ఏం వచ్చేది? ధ్యానం గురించి ఏమీ తెలియని, దాని మీద ఏ ఆశా లేని పరిశోధకులు ఇంకో ఊళ్లో చేస్తే ఇదే వస్తుందా? చివరి ప్రశ్నే పారాసైకాలజీ మెడకు చుట్టుకుంది. నమ్మేవారి ప్రయోగశాలలో వచ్చిన ఫలితం నమ్మనివారి ప్రయోగశాలలో నిలకడగా రాలేదు.

1987లో ‘బిహేవియరల్ అండ్ బ్రెయిన్ సైన్సెస్’ అనే పేరున్న పత్రిక ఈ వ్యాజ్యాన్ని బహిరంగంగా నడిపింది. ఒక పక్క రామకృష్ణారావు, జాన్ పామర్ కలిసి రాసిన వ్యాసం. ఇన్ని ప్రయోగాల్లో కనిపిస్తున్న అసాధారణతను తోసిపుచ్చలేమని వారి వాదన. మరో పక్క కెనడా మనోవిజ్ఞానవేత్త జేమ్స్ ఆల్కాక్ వ్యాసం. ఇది విజ్ఞానమా, ఆత్మ కోసం వెతుకులాటా అని ఆయన ప్రశ్న. చుట్టూ పలు దేశాల శాస్త్రవేత్తల వ్యాఖ్యలు. ఒక తెలుగు ఆచార్యుడి వాదన ఆ స్థాయి వేదిక మీద అక్షరం అక్షరం పరీక్షకు నిలబడటం మన విజ్ఞాన చరిత్రలో చెప్పుకోదగ్గ ఘట్టం. తీర్పు మాత్రం ఆయన వైపు రాలేదు. ఎవరు ఎక్కడ చేసినా వచ్చే ఒక్క ప్రయోగమైనా చూపించమని మనోవిజ్ఞాన ప్రపంచం అడిగింది. ఆ ఒక్కటి ఇప్పటిదాకా దొరకలేదు.

అయినా ఈ శ్రమ వృథా పోలేదు. నెదర్లాండ్స్‌లో మార్టిన్ జాన్సన్ అనే ఆచార్యుడు 1970ల మధ్యలో ‘యూరోపియన్ జర్నల్ ఆఫ్ పారాసైకాలజీ’ మొదలుపెట్టి, ఫలితాలు రాకముందే పరిశోధన పథకం చూసి వ్యాసాన్ని స్వీకరించే ఏర్పాటు చేశాడు. ఏ ఊహను పరీక్షిస్తున్నారు, ఎంతమందిని తీసుకుంటారు, ఏ లెక్క కడతారు అన్నవన్నీ ముందే పత్రికకు చెప్పాలి. తర్వాత కాకతాళీయమే వచ్చినా అచ్చువేస్తారు. 2019లో రిచర్డ్ వైజ్‌మన్ బృందం ఆ పాత సంచికలు తిరగేసి చూస్తే, ముందే నమోదైన ప్రయోగాల్లో ‘విజయాలు’ నమోదు కానివాటికన్నా బాగా తక్కువగా ఉన్నాయి. అదే ఏర్పాటు ప్రధాన స్రవంతి మనోవిజ్ఞానంలోకి ‘కార్టెక్స్’ పత్రిక ద్వారా వచ్చింది 2013లో, దాదాపు నాలుగు దశాబ్దాల తర్వాత.

ఆ ఆలస్యానికి మూల్యం పడింది. 2011లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన డారిల్ బెమ్, పైన చెప్పిన ముగ్గురిలో ఒకరు, మనుషులు భవిష్యత్తును పసిగడుతున్నారంటూ తొమ్మిది ప్రయోగాలను పెద్ద పత్రికలో వేశాడు. అందరూ రోజూ వాడే పద్ధతులే ఆయనా వాడాడు. వేరేవాళ్లు మళ్లీ చేస్తే రాలేదు. అప్పుడు మనోవిజ్ఞానవేత్తలకు గుండె దడ పుట్టింది. ఇదే పద్ధతులతో ఇంత అసాధ్యమైన ఫలితం రాగలిగితే, జ్ఞాపకశక్తి గురించీ పిల్లల పెంపకం గురించీ ఇన్నాళ్లూ చెప్పుకున్న ఫలితాల మాటేమిటి? 2015లో ఒక పెద్ద బృందం పేరున్న మూడు పత్రికల నుంచి 100 అధ్యయనాలను మళ్లీ చేసింది. మొదట వాటిలో 97 శాతం గణాంక పరీక్షలో నెగ్గాయి. రెండోసారి 36 శాతమే నెగ్గాయి.

బెమ్ తొలి ప్రయోగాన్ని మళ్లీ చేయడానికి హంగరీ శాస్త్రవేత్త జోల్టన్ కెకెచ్ నాయకత్వంలో నమ్మేవారు, నమ్మనివారు ఒకే బల్ల దగ్గర కూర్చుని, ప్రతి నిబంధననూ ముందే ఒప్పుకున్నారు. వివిధ దేశాల ప్రయోగశాలల నుంచి వచ్చిన ప్రతి జవాబూ వెంటనే బహిరంగంగా నమోదయ్యేలా చేశారు. 2,115 మంది, 37,836 ఊహలు. సగం తగలాల్సిన చోట తగిలినవి 49.89 శాతం. 2023లో ఈ ఫలితం అచ్చయింది.

విశాఖకు ఈ పాఠం ఇప్పుడు మరింత అవసరం. 2025 జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవం ప్రధాన కార్యక్రమం ఇక్కడి సముద్ర తీరంలో జరిగింది. లక్షల మంది ఆసనాలు వేశారు. రామకృష్ణారావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో యోగ, చైతన్య అధ్యయన సంస్థకు పునాది వేశారు. జీవితం చివరి దశలో భారతీయ మనోవిజ్ఞానం గురించే ఎక్కువ రాశారు. యోగం ఫలానా జబ్బు తగ్గిస్తుందనే వార్త లేకుండా ఇప్పుడు వారం గడవదు. ఆ వార్తలను తూచే రాళ్లు ఇ.ఎస్.పి. పరిశోధనలో అరిగి నునుపెక్కినవే. పోల్చడానికి మరో గుంపు ఉందా? ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో చీటీ వేసి తేల్చారా? ఫలితం కొలిచినవారికి ఎవరిది ఏ గుంపో తెలుసా? మధ్యలో మానేసినవారిని లెక్కలో ఉంచారా? మన దేశంలో మనుషుల మీద చేసే చికిత్స ప్రయోగాలను ముందే నమోదు చేయడానికి ‘క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియా’ 2007లో మొదలైంది. ఎవరైనా అందులో వెతికి చూసుకోవచ్చు. ఇలా జల్లెడ పట్టినా ధ్యానానికి మిగిలేది తక్కువేమీ కాదు. 2014లో 47 ప్రయోగాలను, 3,515 మందిని కలిపి చూసిన అమెరికా సమీక్ష ఒకటి ఆందోళన, కుంగుబాటు, నొప్పి ఒక మోస్తరుగా తగ్గుతున్నాయని తేల్చింది. వ్యాయామం, మందుల వంటి ఇతర చికిత్సల కన్నా మెరుగనడానికి మాత్రం ఆధారం దొరకలేదని కూడా అదే సమీక్ష రాసింది.

ఇదంతా పిల్లలకు అర్థం కావాలంటే ఏ బడిలోనైనా చేయించవచ్చు. అట్టముక్కల మీద ఐదు గుర్తులు గీస్తే చాలు. తరగతిలో 60 మంది ఉంటే ఒక్కొక్కరి చేత 25 ఊహలు రాయించాలి. అందరికీ ఒకే కార్డుల వరుస వాడకూడదు. చాలామందికి నక్షత్రం అంటే ఇష్టం కాబట్టి, ఆ వరుసలో నక్షత్రం మొదట పడితే సగం తరగతి ఒకేసారి గెలిచి లెక్క చెడుతుంది. ప్రతిసారీ కార్డును కట్టలో తిరిగి కలపాలి. మార్కులు రాసేవారికి ఊహ ఎవరిదో తెలియకూడదు. తరగతి మొత్తానికి 1,500 ఊహల్లో 300కు అటూఇటూగా తగులుతాయి. ఎవరో ఒకరికి 10 గానీ అంతకు మించి గానీ వచ్చే అవకాశం మూడింట రెండు వంతులు. ఒకరిద్దరికి 0 లేదా 1 కూడా వస్తుంది. 10 వచ్చిన పిల్ల చుట్టూ తరగతి అంతా మూగుతుంది, ఆ పిల్లలో ఏదో శక్తి ఉందని మాట పుడుతుంది. ఉపాధ్యాయుడు మర్నాడు ఆ పిల్లకూ, 1 వచ్చిన పిల్లవాడికీ మళ్లీ చెరో నాలుగు కట్టలు ఇచ్చి, నాలుగింటి మార్కులనూ బోర్డు మీద పక్కపక్కన రాయించాలి. ఇద్దరి సగటూ 5 దగ్గరికి ఎందుకు వచ్చిందో చెప్పమని తరగతిని అడగాలి.